61 నిండినయి, సైకిల్ లాంగ్ రైడ్ అంటే మనసొస్తలేదు. 55 దాటినోళ్ళు ఎట్ల నెట్టుకొస్తున్నరు?

లెక్కలసారు_కాజీపేట · ఆదివారం రాత్రి 9:12

అందరికి నమస్తే. నేను ఈడ రాసుడు తక్కువ, చదువుడే ఎక్కువ. ఇయ్యాల ఎందుకో రాయాలనిపించింది.

జిల్లా పరిషత్ స్కూల్ల లెక్కలు చెప్పి రిటైర్ అయిన. 48వ ఏట షుగర్ బార్డర్ల ఉన్నదని డాక్టర్ నడువుమన్నడు, నడుసుడు బోర్ కొట్టి సైకిల్ కొన్న, అది అట్లట్ల పెరిగి 50 దాటేసరికి హైదరాబాద్ పోయి 200 కిలోమీటర్ల బ్రెవే (టైం పెట్టి తొక్కించే లాంగ్ రైడ్) తొక్కిన. 13 గంటల 30 నిమిషాల టైం ఇస్తరు, నేను 10 గంటల 50 నిమిషాలకే వచ్చిన. తర్వాత 300, 400, 600 అన్నీ ఒకే ఏడాదిల అయినయి, దానికి సూపర్ రాండన్యూర్ అని మెడల్ వస్తది, అది మా ఇంట్ల గోడకున్నది, ఇప్పుడు మా ఆమె దానికి తాళంచెవులు తగిలిస్తున్నది.

నా కాడ ఒక నోట్‌బుక్ ఉన్నది. మొదటి రోజు నుంచి ప్రతి రైడ్ దూరం, టైం, యావరేజ్ రాసిన. 13 ఏండ్ల లెక్క. కాజీపేట నుంచి జనగామ దాక పోయి వస్తే నూరుకు అటు ఇటు అయితది, ఆ రూట్ల యావరేజ్ ఏండ్లకేండ్లు గంటకు 24 కిలోమీటర్ల మీద నిలవడ్డది. ఇప్పుడు 19. పోయిన జనవరిల 300ల 187వ కిలోమీటర్ కాడ ఒక బస్ షెల్టర్ల కూసున్న. పంచర్ లేదు, కడుపు బాగనే ఉన్నది, టైం కూడ ఇంక మస్తు ఉన్నది. ఊకెనే కూసున్న, లేవబుద్ధి కాలే. అల్లునికి ఫోన్ చేసి కారు తెమ్మన్న. దారి పొడుగున పాపం ఆయన ఒక్క మాట అడగలే, అదే ఇంక సిగ్గనిపించింది.

అప్పటిసంది పొద్దుగాల 4:30కు అలారం మోగుతది, బంద్ చేసి మళ్ళ పండుకుంట. సైకిల్ అమ్ముదామా అని కూడ అనిపిస్తున్నది. మీకు ఇట్ల అయిందా? అయితే ఏం చేసిన్రు?

లోకోషెడ్_కాక · ఆదివారం రాత్రి 9:40

సారు నాకు 68. మీరు ఇంక పోరగాడే.

మా నాయన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల పని చేసిండు. 1934ల పెట్టిన మిల్లు అది, దాని సైరన్ కూస్తే ఊరంత టైం తెలిసేది. రోజు పదమూడు కిలోమీటర్లు పోను, పదమూడు రాను, నల్ల హెర్క్యులస్ మీద, హ్యాండిల్‌కు సద్ది గిన్నె. మోటివేషన్ అనే మాట ఆయన చెవుల ఎప్పుడు వడలే, సైరన్ ఒక్కటే వడ్డది. లేటైతే సగం రోజు కూలి కట్. రిటైర్ అయినంక సైకిల్ ముట్టలే, "ఇగ నన్ను ఎవడు తొక్కమంటడు" అనేటోడు. మనకు సైరన్ లేదు సారు, గదే మన కష్టం.

సైకిల్ అమ్మకుండ్రి. అమ్మితే నాకు చెప్పుండ్రి, ఫ్రేం సైజ్ ఎంత?

పవర్‌మీటర్_పిలగాడు · ఆదివారం రాత్రి 10:25

సర్ నేను హన్మకొండనే, ప్రస్తుతం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, వయసు 29, సో ఈ థ్రెడ్‌లో మాట్లాడొచ్చో లేదో తెల్వదు కానీ మీరు నంబర్స్ ఇచ్చిన్రు కాబట్టి ఆగలేకపోయిన. ప్లెయిన్ రోడ్ మీద గాలిని తోసుకుపోవడానికి పట్టే పవర్ స్పీడ్‌కు ఘనంలో పెరుగుతది, టైర్ రాపిడిది మాత్రం స్పీడ్‌తో సమానంగా. ఆ లెక్కన 24 నుంచి 19కి పడిపోయినవంటే మీ పవర్ మూడో వంతు కన్నా ఎక్కువ తగ్గినట్టు. ఇది చాలా పెద్ద డ్రాప్ సర్. 13 ఏండ్లలో వయసు వల్ల ఇంత తగ్గొద్దు. ఏదో ఇంకో వేరియబుల్ ఉంది.

గోల్ లేకపోతే బాడీ లేవదు, అది కూడా నిజమే. పారిస్-బ్రెస్ట్-పారిస్ నాలుగేండ్లకోసారి, మొన్న 2023లో అయింది, మళ్ళా 2027. 1200 కిలోమీటర్లు, 90 గంటలు. పెట్టుకోండి సర్ టార్గెట్.

లోకోషెడ్_కాక · ఆదివారం రాత్రి 10:31

జనగామ దాక లేస్తలేడురా అయ్యా అంటే పారిస్ పొమ్మంటవేంది 😂

ఫిజియో_హన్మకొండ · సోమవారం ఉదయం 6:50

సర్, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, మా క్లినిక్‌కి సైక్లిస్టులు బాగానే వస్తారు, ముఖ్యంగా మోకాళ్ళు పట్టేసిన తర్వాత (ముందు ఎవరూ రారు). పైన ఆ అబ్బాయి చెప్పింది సరిగ్గానే ఉంది. ముప్ఫై దాటాక శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం పదేళ్ళకి సుమారు 10 శాతం తగ్గుతుందని చెప్తారు, మీలాగా ఆపకుండా తొక్కేవాళ్ళలో ఆ తగ్గుదల ఇంకా నెమ్మదిగా ఉంటుంది. కాబట్టి మొత్తం వయసు మీదకి నెట్టేయకండి. ముందు రక్త పరీక్షలు చేయించుకోండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్ ఎలాగూ చూస్తారు. బీపీ మాత్రలు ఏమైనా కొత్తగా మొదలుపెట్టారా? బీటా బ్లాకర్ రకం అయితే గుండె వేగం పెరగనివ్వదు, ఎంత తొక్కినా బండి లాగినట్టు ఉంటుంది. అలా అని మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంకో మాట. 220లోంచి వయసు తీసేసే లెక్క పట్టుకుని చాలామంది భయపడతారు. మీ వయసుకి అది 159 ఇస్తుంది. 2001లో వచ్చిన ఇంకో సూత్రం ఉంది, 208లోంచి వయసులో 0.7 వంతు తీసేయాలి, దాని ప్రకారం 165. రెండూ సగటు లెక్కలే, మనిషికీ మనిషికీ పది కొట్టుకలు అటూ ఇటూ ఉండటం మామూలే. కానీ తొక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం ఉంటే దాన్ని వయసు ఖాతాలో వేయకండి. ఏళ్ళ తరబడి లాంగ్ డిస్టెన్స్ చేసిన మగవాళ్ళలో గుండె లయ తప్పే సమస్య మామూలు వాళ్ళకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఈసీజీ ఒకటి తీయించుకుంటే పోయేదేం లేదు.

మరి బరువులు ఎత్తుతున్నారా? సైకిల్ ఒక్కటే తొక్కితే ఎముకలకి భారం పడదు, కండ కూడా కరుగుతూ ఉంటుంది. వారానికి రెండు రోజులు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టినా చాలు. తిండిలో ప్రోటీన్ చూసుకోండి. అరవై దాటాక కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, 68 కిలోల మనిషికి 80 దాకా. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది. మన పళ్ళెంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు.

లెక్కలసారు_కాజీపేట · సోమవారం ఉదయం 8:15

మేడం ధన్యవాదాలు. బీపీ మాత్ర నాలుగేండ్లసంది ఒకటే ఏస్కుంటున్న, మార్చలే. రక్త పరీక్షలు దసరకు ముందే అయినయి, బి12 కొంచెం తక్కువుండె, గోలీలు ఇచ్చిన్రు. ఈసీజీ బాగనే ఉన్నదన్నరు. బరువులు ఎత్తుడు లేదు. గుడ్లు తింట.

పిలగాడు చెప్పిన ఘనం లెక్క రాత్రి నోట్‌బుక్‌ల వేసి చూసిన. నిజమే. వయసుకు పది పదిహేను శాతం ఇచ్చినా ఇంక బాకి మిగులుతున్నది.

ఈబైక్_కరీంనగర్ · సోమవారం మధ్యాహ్నం 1:05

అన్నా ఇంత ఆలోచన ఎందుకే, ఈ-బైక్ కొనుక్కో. నాకు 63, నేను రెండేండ్ల కింద తీసుకున్న, ఎదురుగాలి ఉన్నా ఎక్కుడున్నా ఫికర్ లేదు, మానేరు డ్యాం కట్ట మీద పొద్దున్నే షికారు. కాళ్ళు ఆడుతయి, పానం అలసిపోదు. దీన్ని నామోషీ అనుకునేటోళ్ళు ఎవలైనా ఉంటే వాళ్ళ మోకాళ్ళు వాళ్ళిష్టం.

లోకోషెడ్_కాక · సోమవారం మధ్యాహ్నం 1:20

నేను 33 ఏండ్లు ఇంజన్ తోలిన. మళ్ళ ఇంజన్ ఎక్కుమంటవా.

ఈబైక్_కరీంనగర్ · సోమవారం మధ్యాహ్నం 1:22

కాకా నిన్నెవడన్నడే, సారును అన్న

ఛైన్‌నూనె · సోమవారం రాత్రి 8:50

సార్ మాది హన్మకొండల సైకిల్ రిపేర్ షాపు. మీ బండి నాకు ఎరుకనే అనుకుంట, పండ్లచక్రాలు ముంగట 50-34 పండ్లవి, ఎనుక 11-28వి కదా? అరవై దాటినంక గా 28 తోని ములుగు దిక్కు గట్టమ్మ గుట్ట కాడ ఎక్కుడేంది సార్. ఎనుక 11-34 ఏసుకోండ్రి, డిరేలర్ (గేర్ మార్చేది) కూడ పొడుగు కేజ్‌ది మార్చాలె, లేకపోతే పెద్ద పండ్లచక్రానికి తగుల్తది. 34 మీద 34 అంటే పెడల్ ఒక్క సుట్టు తిరిగితే చక్రం ఒక్క సుట్టు, మోకాలు మీద పడే బరువు బాగనే తగ్గుతది. టైర్లు మీవి 25 మిల్లీమీటర్లవి ఉన్నయి, నూరు పౌండ్ల గాలి గొట్టించుకుంటరు, రోడ్డు మీది ప్రతి కంకర మీ నడుముకు ఉత్తరం రాస్తది. ఫ్రేంల పడితే 32 ఏస్కోని 60, 65 గాలి వెట్టుండ్రి. హ్యాండిల్ ఒక రెండు వేళ్ళంత పైకి లేపుదం. పోరగాళ్ళ లెక్క వంగి తొక్కుడు బంద్ చేస్తే స్పీడ్ కొంచెం తగ్గుతది గాని, మెడనొప్పి పోతది.

50 దాటినోళ్ళు షాపుకొచ్చి "తేలికది చూపియ్" అంటరు, అర కిలో తక్కువున్న చక్రాలకు లక్ష వెడ్తరు, గేరుకు మాత్రం పైసలు వెట్టరు. అదేందో సమజ్ కాదు.

నిట్_గుంటూరోడు · సోమవారం రాత్రి 10:10

నమస్కారమండి. చదువుకోడానికి వరంగల్ వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాను, 54. మోటివేషన్ అనగానే నాకు ఫ్రాన్స్‌లో రాబేర్ మర్షాన్ అనే పెద్దాయన గుర్తొస్తారండి. 1911లో పుట్టారు, అరవై దాటాకే మళ్ళీ సీరియస్‌గా సైకిల్ పట్టారు. వందేళ్ళప్పుడు 2012లో ట్రాక్ మీద గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కారు. రెండేళ్ళ తర్వాత 102కి 26.927. పెరిగిందండీ, తగ్గలేదు! మధ్యలో ఒక ఫిజియాలజీ ప్రొఫెసర్ ఆయనకి ట్రైనింగ్ ప్లాన్ ఇచ్చారు, ఎక్కువ భాగం నెమ్మదిగా, కొంచెం గట్టిగా. శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం కొలత 31 నుంచి 35కి పెరిగింది. 2017 జనవరిలో 105 ఏళ్ళకి గంటలో 22.547, ఆ వయసుకి కొత్త కేటగిరీయే పెట్టాల్సొచ్చింది. దిగాక ఆయన కంప్లయింట్ ఏంటంటే పది నిమిషాలే మిగిలిందని చూపించే బోర్డు చూసుకోలేదట, చూసుంటే ఇంకొంచెం గట్టిగా తొక్కేవాణ్ణి అన్నారు. 2021లో 109 ఏళ్ళకి పోయారు.

సార్ మీకింకా 44 ఏళ్ళు టైం ఉందండి కొత్త కేటగిరీకి.

బాపుకొడుకు_పరకాల · మంగళవారం ఉదయం 7:30

నేను సైకిల్ తొక్క, మా బాపు తొక్కుతడు, 64. ఇది కొడుకుల దిక్కునుంచి రాస్తున్న, కోపం తెచ్చుకోకండి. మీరంత గేర్లు ప్రోటీన్ల గురించి మాట్లాడుతున్నరు, ఇంట్ల మాకు పొద్దుగాల 5 నుంచి ఫోన్ మీదనే పానం ఉంటది. ఇది వడ్ల సీజన్. సగం రోడ్డు మీద వడ్లు ఆరవోస్తరు, రాత్రి నల్ల పట్టాలు కప్పుతరు, పట్టా లేవకుండ సుట్టూత బండరాళ్ళు వెడ్తరు, చీకట్ల ఒక్కటి కనవడదు. మొన్ననే మా ఊరి కాడ ఒకాయన బైక్ మీద ఆ రాళ్ళకు గుద్దుకొని కాలిరగ్గొట్టుకున్నడు. ఈ వయసుల కింద పడితే లేస్తరా? మీకు మోటివేషన్ తగ్గిందంటే మీ ఇంట్లోళ్ళు లోపల కొబ్బరికాయ కొట్టుకుంటుండొచ్చు.

డ్యూటీ_సిస్టర్ · మంగళవారం మధ్యాహ్నం 2:40

బాబు నువ్వు చెప్పింది తప్పు కాదు. తెల్లారక ముందు పోవుడు బంద్ చేయమని చెప్పు బాపుకు, ఈ నెలల 6:30 లోపల తెల్లారనే తెల్లారదు, ఆ అరగంటకు ఏం కొంప మునగదు. ఫోన్ల లైవ్ లొకేషన్ పెట్టియ్యి. ఇంకోటి, కండ్లు చూపియ్యి. నాకు 57, ఎదురుంగ లారీ లైట్ వస్తే దాని సుట్టు జాజిపూవు లెక్క కిరణాలు కనవడుతుండె, లైట్లు కొత్తయి వచ్చినయి అందుకే అట్ల కొడుతున్నయి అనుకున్న రెండేండ్లు. తీరా చూస్తే మోతిబిందు. నేనే నర్సును! ఆపరేషన్ అయినంక రోడ్డు మళ్ళ రోడ్డు లెక్క కనవడుతున్నది.

సారు, మీ పోస్టు మూడు సార్లు చదివిన. నేను 50కి మొదలువెట్టిన, బిడ్డ పెండ్లయి పోయినంక దాని సైకిల్ మూలకు పడి ఉంటే. నా సైకిల్‌కు మీటర్ లేదు. నేను ఊకెనే తొక్కుడు నాతోని కాదు, ఏదో ఒక పని పెట్టుకుంట. పాకాల పోతే చెరువు కట్ట మీద కూసొని డబ్బా తినొస్త, ఐనవోలు పోతే మల్లన్నకు బెల్లం, పరకాల పోతే మా అక్కకు తొక్కు సీసా. సీసా సంచిల ఉంటే మధ్యలకెళ్ళి వాపస్ రాబుద్ధి కాదు, అక్క ఎదురుచూస్తుంటది కదా. మాకు ఇంకో కష్టం ఉన్నది, మీ మగోళ్ళకు చెట్టు చాలు, మేము ఏ పెట్రోల్ బంకుల బాత్రూం తాళం వేసి ఉంటదో ఏది తీసి ఉంటదో మొత్తం రూట్ అట్ల గుర్తు పెట్టుకోవాలె. అది వేరే కథ.

మిమ్మల్ని ఒక్కటే అడుగుత. ఆ నోట్‌బుక్‌ల దూరం, టైం, యావరేజ్ రాసిన్రు కదా. ఎవరితోని పోయిన్రో కూడ రాసిన్రా?

లెక్కలసారు_కాజీపేట · మంగళవారం రాత్రి 11:35

సిస్టర్, మధ్యాహ్నం మీ ప్రశ్న చూసిన. జవాబు రాద్దామని నాలుగు సార్లు కూసున్న.

రాయలే. ఎందుకంటే రాయాల్సిన అవసరం ఎప్పుడు రాలే. ప్రతి రైడ్‌ల ఒక్కడే మనిషి.

మా దోస్తు. కరెంటు ఆఫీసుల చేసి రిటైర్ అయిండు, నాకంటే అయిదేండ్లు పెద్ద. నా 48వ ఏట నాతోని కలిసే మొదలువెట్టిండు, మొదటి బ్రెవే నుంచి 600 దాక. మాటలు తక్కువ. ముంగట ఆయన, ఎనుక నేను. ఎప్పుడు అట్లనే. ఎందుకట్ల అయిందో తెల్వదు, ఆయన మనిషి కొంచెం వెడల్పు, "నువ్వు బక్కోనివి ఎగిరిపోతవు, నా ఎనుక దాక్కో" అనేటోడు. 12 ఏండ్లు నేను రోడ్డు కంటే ఆయన వీపే ఎక్కువ చూసిన. నీలం టీషర్టు, ఎడమ భుజం కాడ కుట్టు ఊడి ఉంటది. గుంత వస్తే చేయి కిందికి పెట్టి రెండు వేళ్ళు ఆడిస్తడు. గాజు పెంకులుంటే మొత్తం చేయి.

పోయిన ఏడు దసర తర్వాత ఆయనకు రెండు మోకాళ్ళు మార్చిన్రు. జనవరి 300కు ఒక్కడినే పోయిన. 187 కాడ ఎదురుగాలి తగిలింది. ముంగట ఎవ్వరు లేరు.

ఇంకో సంగతి రాయాలె, సిగ్గు సంగతే. ఆయన రోజు పొద్దుగాల భద్రకాళి బండ్ మీద కర్ర వట్టుకొని నడుస్తడంట. నేను పది నెలలసంది ఆ దిక్కు సైకిల్ మీద పోతలే. సైకిల్ లేకుండ కూడ పోతలే. దవాఖానల ఉన్నప్పుడు రెండు సార్లు పోయిన, గంతే. ఏ మొఖం వెట్టుకొని సైకిల్ మీద ఆయన ముంగట్నుంచి పోవాలె?

పవర్‌మీటర్_పిలగాడు · మంగళవారం రాత్రి 11:52

సర్, సారీ, ఇది ఇప్పుడు చెప్పొచ్చో లేదో తెల్వదు. కానీ ఆ వేరియబుల్ ఇదే సర్. 12 ఏండ్లు మీరు ఆయన వెనక చక్రం పట్టుకుని తొక్కిన్రు. ముంగట మనిషి గాలి చీలిస్తే వెనకోనికి బాగా తక్కువ పవర్ సరిపోతది, అది కూడా ఆయన మనిషి వెడల్పు అంటున్నరు. మీ నోట్‌బుక్‌లో 24 మీ ఒక్కరిది కాదు. ఇప్పుడున్న 19 మీది. ఒక్కరిగా తొక్కిన పాత రైడ్‌లు నోట్‌బుక్‌లో ఏమైనా ఉంటే దాంతో పోల్చాలి, అప్పుడే అసలు ఎంత తగ్గిందో తెలుస్తది.

లెక్కలసారు_కాజీపేట · బుధవారం ఉదయం 5:20

రాత్రి నిద్ర పట్టలే, నోట్‌బుక్ మొత్తం ఎతికిన. 2016 వేసవిల ఆయన బిడ్డ పెండ్లి. ఆ నెల నేను ఒక్కడినే మూడు సార్లు జనగామ పోయిన. 21, 20.5, 21.

అంటే ఇంత కాలంల నేను పోగొట్టుకున్నది గంటకు రెండు కిలోమీటర్లు. ముప్పై ఏండ్లు పిల్లలకు "దత్తాంశం సరిగ్గ చదువుండ్రిరా" అని చెప్పిన.

లోకోషెడ్_కాక · బుధవారం ఉదయం 6:05

లెక్కల సారుకు లెక్క తప్పింది, ఇయ్యాల బడికి సెలవు.

సారు, ఒక మాట అంట, ఏమనుకోకు గాని, నువ్వు ఆయన మీద జాలి పడుతున్నవా, నీ మీద నువ్వు పడుతున్నవా? ఇంజన్ మీద నా జోడీ ఒకాయనుండె, ఆయనకు కంటిచూపు మీద మెడికల్ అన్‌ఫిట్ అయి ఆఫీసు డ్యూటీకి వేసిన్రు. మేమందరం ఆయనకు బాధైతదని ఆయన ముంగట బండ్ల ముచ్చట బంద్ చేసినం. ఆరు నెలలకు క్యాంటీన్ల నిలవెట్టి తిట్టిండు, "నేను సచ్చిన్నా? ఏ బండి ఎంత లేటొచ్చిందో కూడ చెప్పరేందిరా" అని. పో సారు. సైకిల్ మీదనే పో.

డ్యూటీ_సిస్టర్ · బుధవారం ఉదయం 9:10

కాక చెప్పిందే. ఇంకో మాట, మోకాళ్ళ ఆపరేషన్ అయినోళ్ళను 27 ఏండ్లు వార్డుల చూసిన. మొదటి నెల చూడనీకి అందరు వస్తరు, పండ్లు తెస్తరు. నాలుగో నెల నుంచి ఎవ్వరు రారు. కర్రతోని నడిచేది అప్పుడే.

ఫిజియో_హన్మకొండ · బుధవారం రాత్రి 9:30

సర్, ఆయన ఇక సైకిల్ తొక్కలేరని ఎవరన్నారు? మోకాలి మార్పిడి తర్వాత మేము చేయించే వ్యాయామాల్లో స్థిరంగా నిలబెట్టిన సైకిల్ ముఖ్యమైనది. మోకాలు 105, 110 డిగ్రీల దాకా వంగితే పెడల్ పూర్తి చుట్టు తిరుగుతుంది (మీకు డిగ్రీలు నచ్చుతాయని చెప్తున్నా), సీటు కాస్త ఎత్తు పెడితే ఇంకొంచెం తక్కువ వంగినా నడుస్తుంది. మొదట ముందుకీ వెనక్కీ ఊపడం, తర్వాత వెనక్కి తిప్పడం, ఆ తర్వాతే ముందుకి. రోడ్డు మీదకి ఎప్పుడు అనేది ఆపరేషన్ చేసిన సర్జన్ చెప్పాలి, పడిపోతే ప్రమాదం కాబట్టి. కానీ ఏడాది దాటింది అంటున్నారు, కనీసం అడిగారా? చాలామంది అడగరు. ఇంట్లోవాళ్ళు అడగనివ్వరు.

బాపుకొడుకు_పరకాల · గురువారం ఉదయం 8:00

బాపును కండ్ల డాక్టర్ కాడికి తోల్కపోయిన. ఎడమ కంటికి మొదలైందన్నరు. సిస్టర్‌కు థాంక్స్. ఆయన నా మీద అలిగిండు, అది వేరే.

లెక్కలసారు_కాజీపేట · ఆదివారం ఉదయం 11:45

పోయిన. శుక్రవారమే పోదామనుకున్న, కాలే. శనివారం మబ్బు పట్టిందని పోలే. ఇయ్యాల పోయిన.

బండ్ కాడ సైకిల్ దిగి నడిపించుకుంట పోయిన. దూరంకెళ్ళి ఆయన కనవడ్డడు, కర్ర ఉన్నది గాని దాన్ని ఆనిస్తలేడు, ఊకె పట్టుకొని ఉన్నడు. చాన బక్కగైండు. వీపు వెడల్పు అట్లనే ఉన్నది. నేను ఏం మాట్లాడాలె అని దారి పొడుగున నాలుగు మాటలు తయారు చేసుకున్న, ఒక్కటి నోట్లకెళ్ళి రాలే. ఆయన నన్ను చూడలే ముందు. సైకిల్‌ను చూసిండు. వంగనీకి రాదు కదా, కర్ర కొనతోని ఛైన్‌ను మెల్లగ తట్టిండు.

"గింత తుప్పేందిరా. నూనె ఎప్పుడు వెట్టినవ్?"

జనవరిల అని చెప్పిన.

"సైకిల్ గట్లనే ఉంచుతరా" అని తిట్టిండు. అరగంట తిట్టిండు. బెంచి మీద కూసోవెట్టి, రుమాలుతోని ఛైన్ తుడిపిచ్చిండు. జనవరి 300ల ఏమైందో అడిగిండు, మొత్తం చెప్పిన, బస్ షెల్టర్ కూడ. నవ్విండు. "187 కాడ నేను కూడ కూసునేటోన్ని, 2019ల. నువ్వు ఎనుక ఉన్నవని కూసోలే" అన్నడు. ఈ సంగతి ఆయన ఎప్పుడు చెప్పలే నాకు.

సిస్టర్ లెక్క నేను కూడ ఒక పని పెట్టుకొని పోయిన, ఫిజియో మేడం చెప్పిన డిగ్రీల లెక్క ఆయనకు చెప్పిన. సర్జన్‌ను అడిగిండంట ఆయన ఎప్పుడో. నిలబడ్డ సైకిల్ తొక్కుమన్నడంట మార్చిలనే. కొడుకు కొని ఇచ్చిండు, హాల్‌ల పెట్టిన్రు, దాని మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నరంట. "ఎక్కడికి పోనిదాన్ని ఎందుకు తొక్కాలె" అన్నడు.

ఛైన్‌నూనె · ఆదివారం మధ్యాహ్నం 12:30

సార్ రుమాలుతోని తుడిస్తే పోదు అది. ఛైనే మార్చాలె. సోమవారం తెండ్రి, 34 కూడ అప్పుడే ఏద్దం.

ఈబైక్_కరీంనగర్ · ఆదివారం మధ్యాహ్నం 12:48

ఆయనకు రోడ్డు మీదికి పర్మిషన్ వచ్చినంక నా మాట గుర్తు వెట్టుకోండ్రి. మోకాళ్ళు మార్చినోళ్ళకు ఈ-బైక్ ఎక్కుడ్ల మస్తు సాయం. కాకా నువ్వు ఏం అనకు.

లోకోషెడ్_కాక · ఆదివారం మధ్యాహ్నం 12:50

ఏం అంటలే. గిది మంచి మాటే.

నిట్_గుంటూరోడు · ఆదివారం సాయంత్రం 5:15

వచ్చే నెలలో రామప్ప దాకా వెళ్దామా ఎవరైనా? ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకి. పోనూ రానూ 140 దాకా అవుతుంది. టైం లిమిట్ లేదు, మీటర్లు తీసేసి రావాలి. ఆ గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలతాయంటారు, తిరుగు ప్రయాణంలో నా కాళ్ళు మాత్రం తేలవండి.

డ్యూటీ_సిస్టర్ · ఆదివారం సాయంత్రం 6:00

నేనొస్త. గూడెప్పాడ్ కాడ బంకుల బాత్రూం తీసే ఉంటది, రాసిపెట్టుకోండి. తెల్లారినంకనే బయల్దేరుదాం.

లెక్కలసారు_కాజీపేట · బుధవారం రాత్రి 8:20

రామప్పకు నేను కూడ వస్త. కొత్త గేర్ పడ్డది, ఛైన్ మారింది, టైర్లు 28 దాకనే పట్టినయి. సైకిల్ అమ్ముతలే, కాక మన్నించాలె.

సోమవారం, మంగళవారం, ఇయ్యాల ఆయన ఇంటికి పోయిన. హాల్‌ల సైకిల్ మీది బట్టలు తీపిచ్చినం. ఆయన దాని మీద, నేను ఎనుక కుర్చీల. సీటు ఎత్తు పెంచినం, మొదటి రోజు పెడల్ పూర్తి సుట్టు తిరగలే, ముందుకు ఎనుకకు ఊపుడే. ఇయ్యాల తిరిగింది. ఇరవై నిమిషాలు తొక్కిండు, చెమట పట్టింది, ఆగకుండనే అడిగిండు, "ఎక్కడికొచ్చినంరా?"

మడికొండ ఇంక దాటలే అన్న.

"గాలి ఎదురున్నది" అన్నడు.